గడప దాటి తిరిగే పిల్లికి పొడి ఆహారం: ఎంపికలో పాటించవలసిన ప్రమాణాలు

సంగారెడ్డి జిల్లా రామచంద్రాపురం మండలంలోని తెల్లాపూర్ ఒకప్పుడు పొలాలు, చెరువుల నడుమ ఉన్న పల్లె. నేడు అది ఒకవైపు రామచంద్రాపురం, పటాన్‌చెరు పారిశ్రామిక వాడలకూ, మరొకవైపు గచ్చిబౌలి కార్యాలయాలకూ మధ్య ఎదిగిన బహుళ అంతస్తుల నివాస ప్రాంతం. పక్కనే ఉన్న కొల్లూరులో ప్రభుత్వం ఒకే ప్రాంగణంలో 15,660 రెండు పడక గదుల ఇళ్లు నిర్మించింది. ఈ మార్పు మనుషుల జీవనంతో పాటు, మనిషిని ఆశ్రయించి బ్రతికే పిల్లి జీవనాన్ని కూడా మార్చింది. గడ్డివాము, ధాన్యపు గాదె, పశువుల కొట్టం ఉన్న చోట తిరిగిన పిల్లి ఇప్పుడు కార్లు నిలిపే సెల్లారులో, ప్రహరీ గోడల మీద, ఇంకా కట్టని ప్లాట్ల తుప్పల్లో తిరుగుతోంది. రాత్రంతా తిరిగి, గోడలెక్కి, పోట్లాడి, తెల్లవారేసరికి ఎవరో ఒకరి గుమ్మం ముందు కూర్చుంటుంది. ఆ ఇంటివారు దుకాణానికి వెళ్లి, రంగురంగుల సంచుల వరుస ముందు నిలబడి, ఏది కొనాలో తెలియక చౌకగా ఉన్నదో, బొమ్మ బాగున్నదో కొంటున్నారు.

పశుపోషణలో పాడి పశువులకు, కోళ్లకు దాణా సమతుల్యత గురించి మన విస్తరణ సేవలు దశాబ్దాలుగా బోధిస్తున్నాయి. పిల్లి దాణా గురించి అడిగేవారు ఇటీవలి వరకు లేరు. ఇప్పుడు అడుగుతున్నారు. బయట చురుకుగా తిరిగే పిల్లికి వాడుకలో డ్రై ఫుడ్ అని పిలిచే పొడి ఆహారాన్ని ఎంచుకొనే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

పెరుగన్నం పోషించిందా, ఎలుక పోషించిందా?

"మా తాతల కాలంలో పిల్లులు పెరుగన్నం తినే బ్రతికాయి కదా" అన్న మాట క్షేత్ర స్థాయిలో తరచు వినిపిస్తుంది. దీనికి సమాధానం లెక్కలోనే ఉంది. నాలుగు కిలోల చురుకైన పిల్లికి రోజుకు సుమారు 250 కిలో కాలరీల శక్తి కావాలి. పావు కిలో పెరుగన్నం దాదాపు ఆ శక్తిని ఇస్తుంది. కాని అందులో లభించే మాంసకృత్తులు ఏడెనిమిది గ్రాములు మాత్రమే. పశువుల ఆహార నియంత్రణ అధికారుల అమెరికా సంఘం ఆఫ్కో నిర్ణయించిన కనీస ప్రమాణం ప్రకారం ఎదిగిన పిల్లి ఆహారంలో ప్రతి 1000 కిలో కాలరీలకు 65 గ్రాముల మాంసకృత్తులు ఉండాలి. అంటే మన పిల్లికి రోజుకు 16 గ్రాములకు పైగా అవసరం. పెరుగన్నంతో కడుపు నిండుతుంది గాని, అవసరంలో సగం కూడా తీరదు.

మిగతా సగం ఎక్కడి నుంచి వచ్చింది? గాదె కింది ఎలుక నుంచి, పొలం గట్టు మీది చిట్టెలుక నుంచి, తొండ నుంచి, మిడత నుంచి వచ్చింది. ఎలుక శరీరంలోని పొడి పదార్థంలో సగానికి పైగా మాంసకృత్తులే. ఇంటివారు పెట్టిన పెరుగన్నం పిల్లిని ఇంటికి కట్టిపడేసింది. దానిని పోషించింది మాత్రం వేట. సుమారు 10 వేల సంవత్సరాల క్రితం పశ్చిమాసియాలో వ్యవసాయం మొదలై ధాన్యం నిల్వలు ఏర్పడినప్పుడు, వాటి చుట్టూ చేరిన ఎలుకల కోసం అడవి పిల్లి మనిషి చెంతకు వచ్చిందని శాస్త్రజ్ఞుల భావన. కాంక్రీటు పరచిన తెల్లాపూర్‌లో గాదె లేదు. ఎలుకలున్న చోట ఎలుకల మందూ ఉంది. వేట ఇచ్చిన పోషణ తగ్గినప్పుడు ఆ లోటును పొడి ఆహారమే పూడ్చాలి. కనుక సంచిని మరో సంచితో పోల్చడానికి ముందు ఎలుకతో పోల్చాలి. ఎంపికకు ఇదే మూల సూత్రం.

స్వేచ్ఛగా వేటాడి జీవించే పిల్లుల ఆహారంపై 2011లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, వాటికి లభించే శక్తిలో దాదాపు 52 శాతం మాంసకృత్తుల నుంచి, 46 శాతం కొవ్వు నుంచి, 2 శాతం మాత్రమే పిండి పదార్థాల నుంచి వస్తుంది. ఈ మూడు అంకెలను విస్తరణ కార్యకర్తలు గుర్తుంచుకోవాలి.

పిల్లి శరీర ధర్మం

పిల్లి తప్పనిసరి మాంసాహారి. ఇది అలవాటుకు సంబంధించినది కాదు, జీవరసాయన నిర్మాణానికి సంబంధించినది. ఆహారంలో మాంసకృత్తులు తగ్గినా కాలేయంలో వాటిని విచ్ఛిన్నం చేసే ఎంజైముల వేగాన్ని పిల్లి తగినంతగా తగ్గించుకోలేదు. ఆకుకూరల్లోని, క్యారెట్‌లోని బీటా కెరోటిన్‌ను విటమిన్ ఏగా మార్చుకోలేదు. అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లాన్ని జంతు కొవ్వు నుంచే పొందాలి. ఆర్జినైన్ లేని ఆహారం ఒక్క పూట తిన్నా రక్తంలో అమ్మోనియా పెరిగి ప్రాణాపాయం కలగవచ్చు. తీపి రుచిని గుర్తించే జన్యువు పిల్లిలో పనిచేయదు.

వీటన్నిటిలో టారిన్ కథ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. కుక్క టారిన్‌ను ఇతర అమైనో ఆమ్లాల నుంచి తయారు చేసుకోగలదు. పిల్లిలో ఆ శక్తి బహు స్వల్పం. పైగా పిత్త రసం తయారీలో టారిన్‌ను నిరంతరం ఖర్చు చేస్తుంది. టారిన్ లోపిస్తే కంటి రెటీనా క్షీణించి చూపు పోతుందని 1975లో వెల్లడైంది. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో పాల్ పియాన్, సహచరులు మరొక విషయం కనుగొన్నారు. గుండె కండరం పలుచబడి వ్యాకోచించే వ్యాధితో వచ్చిన పిల్లుల రక్తంలో టారిన్ చాలా తక్కువగా ఉంది. టారిన్ ఇవ్వగానే వాటి గుండె పనితీరు మెరుగుపడింది. ఆ పిల్లులు తిన్నది ఇంట్లో మిగిలిన అన్నం కాదు. అంగడిలో కొన్న తయారీ ఆహారం. నాటి ప్రమాణాలకు సరిపోయిన ఆహారమే వాటికి చాలలేదు. ఆ తరువాతనే తయారీదారులు టారిన్‌ను పెంచారు. నేడు ఆఫ్కో కనీస ప్రమాణం పొడి ఆహారానికి పొడి పదార్థంలో 0.1 శాతం, డబ్బాలో నిల్వ చేసే తడి ఆహారానికి 0.2 శాతం.

దీని నుంచి మూడు హెచ్చరికలు వెలువడతాయి. ఒకటి, కుక్కల ఆహారాన్ని పిల్లికి పెట్టరాదు. వీధి జంతువులకు ఆహారం పెట్టే దయామయులు ఒకే సంచిని రెంటికీ వాడటం మన నగరాల్లో సామాన్యం. ఎదిగిన కుక్క ఆహారానికి మాంసకృత్తుల కనీస ప్రమాణం 18 శాతమే, టారిన్ చేర్చాలన్న నియమమూ లేదు. రెండు, శాకాహార కుటుంబాలు తమ నియమాన్ని పిల్లికి వర్తింపజేయరాదు. ఇంట్లో మాంసం వండని వారికి సంపూర్ణమైన పొడి ఆహారమే అనువైన మార్గం. మూడు, కూరలు కలిపిన అన్నం పెట్టరాదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి.

గుళిక ఎలా తయారవుతుంది?

సంచిని అర్థం చేసుకోవాలంటే కర్మాగారాన్ని అర్థం చేసుకోవాలి. ఇది మనకు దూరపు విషయం కాదు. 2016లో విభజన జరిగే వరకు తెల్లాపూర్ ఏ మెదక్ జిల్లాలో ఉండేదో, ఆ జిల్లాలో భాగమైన నేటి సిద్దిపేట ప్రాంతంలోనే మార్స్ సంస్థ పెంపుడు జంతువుల ఆహార కర్మాగారం నడుస్తోంది.

పొడి ఆహార తయారీలో మాంసపు పొడి, చేప పొడి, ధాన్యపు పిండి కలిపి, ఆవిరితోను, ఒత్తిడితోను ఉడికించి, అచ్చు రంధ్రాల గుండా బయటకు నెట్టి ముక్కలుగా కోస్తారు. తరువాత ఆరబెట్టి, పైన కొవ్వును, రుచి పదార్థాలను చల్లుతారు. గుళిక విడిపోకుండా నిలవడానికి కొంత పిండి పదార్థం తప్పనిసరి. కనుక ఎలుకలో ఉన్న 2 శాతాన్ని పొడి ఆహారంలో ఆశించలేము. ధాన్యం ఉండటం దోషం కాదు. మాంసం ఉండవలసిన చోట ధాన్యం ఉండటం దోషం. ఘాటైన వాసన పైన చల్లిన రుచి పదార్థానిది, పోషణకు గుర్తు కాదు. గుళికల రంగులు కొనేవారి కంటి కోసమే.

పొట్లంపై అంకెలను చదివే విధానం

పొట్లంపై సాధారణంగా ముడి మాంసకృత్తులు, ముడి కొవ్వు కనీసం ఎంతో, ముడి పీచు, తేమ గరిష్ఠంగా ఎంతో ఇస్తారు. పిండి పదార్థాల శాతం ఇవ్వరు. దానిని మనమే లెక్కించాలి: నూరు నుంచి మాంసకృత్తులు, కొవ్వు, పీచు, తేమ, ఖనిజాల బూడిదను తీసివేయగా మిగిలినదే పిండి పదార్థం. బూడిద శాతం ఇవ్వకుంటే 8 అనుకోవచ్చు. శక్తిని అంచనా వేయడానికి మాంసకృత్తులను 3.5తో, కొవ్వును 8.5తో, పిండి పదార్థాన్ని 3.5తో గుణించి కూడాలి. ఉదాహరణకు రెండు ఊహాత్మక సంచులను తీసుకొందాం.

మొదటి సంచి: మాంసకృత్తులు 32, కొవ్వు 12, పీచు 4, తేమ 10, బూడిద 8 శాతం. మిగిలిన పిండి పదార్థం 34 శాతం. 100 గ్రాములకు శక్తి 333 కిలో కాలరీలు. ఈ శక్తిలో మాంసకృత్తుల వాటా 34 శాతం, కొవ్వు వాటా 31 శాతం, పిండి పదార్థాల వాటా 36 శాతం.

రెండవ సంచి: మాంసకృత్తులు 26, కొవ్వు 8, పీచు 5, తేమ 10, బూడిద 9 శాతం. మిగిలిన పిండి పదార్థం 42 శాతం. 100 గ్రాములకు శక్తి 306 కిలో కాలరీలు. మాంసకృత్తుల వాటా 30 శాతం, కొవ్వు వాటా 22 శాతం, పిండి పదార్థాల వాటా 48 శాతం.

ఎలుకతో పోలిస్తే రెండూ దూరమే. రెండవది మరింత దూరం. ఇక ధర చూద్దాం. మొదటిది కిలో 300 రూపాయలు, రెండవది 270 రూపాయలు అనుకొంటే రెండవది చౌక అనిపిస్తుంది. కాని 253 కిలో కాలరీలకు మొదటిది 76 గ్రాములు చాలు. రెండవది 83 గ్రాములు పెట్టాలి. రోజు ఖర్చు మొదటిదానికి సుమారు 22 రూపాయల 80 పైసలు, రెండవదానికి 22 రూపాయల 40 పైసలు. నలభై పైసల తేడాకు పిల్లి కోల్పోయేది రోజుకు దాదాపు 3 గ్రాముల మాంసకృత్తులు. ధరను కిలోకు కాక రోజుకు లెక్కించమని కొనేవారికి చెప్పాలి.

మరొక కీలకాంశం పొడి పదార్థం ఆధారంగా పోల్చడం. రెండవ సంచిలో 10 శాతం తేమ తీసివేస్తే మాంసకృత్తులు 28.9 శాతం. ఎదిగిన పిల్లికి ఆఫ్కో కనీస ప్రమాణం 26 శాతం కాబట్టి అది సరిపోతుంది. కాని పెరిగే పిల్లలకు, చూడి పిల్లికి, పాలిచ్చే తల్లికి కనీస ప్రమాణం 30 శాతం. అక్కడ ఈ సంచి తప్పిపోతుంది. బయట తిరిగే ఆడపిల్లికి శస్త్ర చికిత్స జరగకపోతే అది ఏ నెలలోనైనా చూడితో ఉండవచ్చు. కనుక ఏ స్థితిలో ఉన్నదో తెలియని బయటి పిల్లికి అన్ని వయోదశలకు లేదా పెరుగుదల దశకు సంపూర్ణమని పేర్కొన్న ఆహారమే క్షేమం.

ముడి పదార్థాల పట్టికను బరువు ప్రకారం అవరోహణ క్రమంలో ఇస్తారు. మొదటి రెండు మూడు పేర్లలో కోడి, చేప లేదా వాటి పొడి ఉండాలి. మొక్కజొన్న, గోధుమ, బియ్యం వేర్వేరు పేర్లతో విడివిడిగా కనిపించినప్పుడు వాటిని కలిపి చూడాలి. పచ్చి కోడి మాంసంలో దాదాపు 70 శాతం నీరే కాబట్టి, ఆరబెట్టాక దాని స్థానం దిగజారుతుంది. టారిన్ పేరు పట్టికలో తప్పక ఉండాలి. "సంపూర్ణ, సమతుల్య ఆహారం" అన్న ప్రకటన లేనివి చిరుతిళ్లుగానే పనికివస్తాయి.

ఎంత పరిమాణం?

చురుకైన పిల్లికి రోజువారీ శక్తి అవసరాన్ని, కిలోల్లో బరువును 0.67 ఘాతానికి హెచ్చించి 100తో గుణించి పొందుతారు. ఆ ప్రకారం 3 కిలోల పిల్లికి సుమారు 209, 4 కిలోలకు 253, 5 కిలోలకు 294 కిలో కాలరీలు. ఇంట్లోనే ఉండే పిల్లికి, శస్త్ర చికిత్స జరిగిన పిల్లికి 100కు బదులు 75తో గుణించాలి. 4 కిలోల పిల్లికి అప్పుడు 190 చాలు. ఇవి ఆరంభ సంఖ్యలు మాత్రమే. తుది తీర్పు చేతివేళ్లది. పక్కటెముకలపై వేళ్లు ఆనిస్తే పలుచని పొర కింద ఎముకలు తగలాలి. పైనుంచి చూస్తే నడుము కనిపించాలి. ఎముకలు పైకి తేలితే పరిమాణం పెంచాలి, వెదికినా తగలకుంటే తగ్గించాలి. బయటి పిల్లి రెండు మూడు ఇళ్లలో తినవచ్చు. సముదాయంలోని వారు మాట్లాడుకొని వంతులు నిర్ణయించుకోకపోతే ఏ లెక్కా నిలవదు.

నీరు, వేట, విషం

ఎలుక శరీరంలో దాదాపు 70 శాతం నీరు. వేటాడే పిల్లి నీటి అవసరాన్ని ఎక్కువగా ఆహారం నుంచే తీర్చుకొంటుంది. ఎడారి మూలాలు గల జంతువు కనుక దప్పిక గ్రహింపు తక్కువ. 4 కిలోల పిల్లికి రోజుకు 200 మిల్లీలీటర్ల వరకు నీరు కావాలి. 76 గ్రాముల పొడి ఆహారంలో లభించేది 8 మిల్లీలీటర్ల లోపే. వేసవిలో 40 డిగ్రీలు దాటే సంగారెడ్డి ఎండల్లో ఈ లోటు మూత్రనాళంలో స్ఫటికాలకు, మగపిల్లుల్లో ప్రాణాంతకమైన మూత్ర నిరోధానికి దోహదం చేస్తుంది. నీడలో రెండు మూడు చోట్ల వెడల్పాటి పాత్రల్లో శుభ్రమైన నీరు ఉంచడం ఆహారం పెట్టినంత ముఖ్యం. పటాన్‌చెరు వ్యర్థాల వల్ల నక్కవాగు ఎంత కలుషితమైందో ఈ ప్రాంతపు రైతులకు తెలియనిది కాదు. పారిశ్రామిక వాడల అంచున తిరిగే పిల్లిని దారిలోని మడుగుల నీటికి వదలరాదు.

కడుపు నిండిన పిల్లి వేటాడదన్నది పూర్తి సత్యం కాదు. వేట కోరిక ఆకలికి మాత్రమే లోబడదు. అయితే ఆహార నాణ్యతకు పాత్ర ఉంది. ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నైరుతి ఇంగ్లండ్‌లో 219 ఇళ్లలోని 355 పిల్లులపై చేసిన అధ్యయనం 2021లో వెలువడింది. మాంసకృత్తులు ఎక్కువగా ఉండి, ధాన్యం లేని మాంసాహారం ఇచ్చినప్పుడు అవి ఇంటికి తెచ్చిన వేట 36 శాతం తగ్గింది. రోజూ ఐదు పది నిమిషాలు ఆడించినప్పుడు 25 శాతం తగ్గింది. మన పరిస్థితుల్లో దీనికి మరో ప్రయోజనం ఉంది. బ్రోమాడయోలోన్ వంటి ఎలుకల మందు తిన్న ఎలుకను పిల్లి తింటే ఆ విషం పిల్లికీ సంక్రమించి అంతర్గత రక్తస్రావం కలిగిస్తుంది. మంచి ఆహారం పక్షులకూ రక్షణ, పిల్లికీ రక్షణ. ఎలుకల ద్వారా బద్దె పురుగులు సోకుతాయి కనుక వేటాడే పిల్లికి పశువైద్యుని సలహాతో క్రమంగా నులిపురుగుల మందు, రేబిస్ టీకా తప్పనిసరి.

నిల్వలో జాగ్రత్త

ఉత్తమ ఆహారం కూడా నిల్వలో చెడుతుంది. పెద్ద సంచి విప్పి కిలోల చొప్పున లూజుగా అమ్మే ఆహారంలో తయారీ తేదీ తెలియదు, పట్టిక కనిపించదు. గాలి తగిలి పైన చల్లిన కొవ్వు ముక్కిపోతుంది, విటమిన్లు నశిస్తాయి. వానాకాలపు తేమ చేరితే బూజు పెరుగుతుంది. మొక్కజొన్న, వేరుశనగలో ఆస్పర్‌జిల్లస్ బూజు ఉత్పత్తి చేసే అఫ్లటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. గుళిక తయారీలోని వేడికి ఇది పూర్తిగా నశించదు. తెల్లాపూర్‌కు చేరువలో, 1972లో ఏర్పడిన పటాన్‌చెరు ఇక్రిశాట్ ఈ విషాన్ని తక్కువ ఖర్చుతో గుర్తించే ఎలైసా పరీక్షను రూపొందించింది. వేరుశనగ రైతుకు చెప్పే ఆరబెట్టడం, తేమ తగ్గించడం అనే పాఠమే పిల్లి సంచికీ వర్తిస్తుంది. నెల, నెలన్నరలో అయిపోయే సంచినే కొని, గుళికలను అసలు సంచిలోనే ఉంచి మూత బిగుతుగా పెట్టే డబ్బాలో భద్రపరచాలి. ఆరుబయట రాత్రంతా పెట్టిన ఆహారం పిల్లి కంటే ముందు చీమలకు, ఎలుకలకు, కుక్కలకు అందుతుంది. వేళకు పెట్టి, అరగంటలో మిగిలినది తీసివేయాలి.

కొత్త ఆహారానికి ఒక్కసారిగా మారరాదు. వారం, పది రోజుల్లో పాతదానిలో పావు వంతు చొప్పున కలుపుతూ మార్చాలి. పిల్లిని ఆకలితో లొంగదీయరాదు. ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రాణాపాయం కలుగుతుంది.

విస్తరణ, పరిశోధన అవకాశాలు

తెలంగాణలో కోళ్ల పరిశ్రమ విస్తారమైనది. మనుషులు అంతగా తినని గుండె, కాలేయం, మెడ వంటి భాగాలు పిల్లికి సహజాహారం. వాటిలో గుండె టారిన్‌కు మంచి వనరు. వీటిని శుభ్రంగా సేకరించి పొడిగా మార్చే చిన్న తరహా విధానాలపై, స్థానిక విపణిలోని పొడి ఆహారాల టారిన్, అఫ్లటాక్సిన్ స్థాయిలపై రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం వంటి సంస్థల విద్యార్థులు పరిశోధనాంశాలు చేపట్టవచ్చు. నివాస సముదాయాల్లో ఒక ఆదివారం సంచుల లెక్క చేసి చూపే ప్రదర్శన ఏర్పాటు చేయవచ్చు. కాగితం, కలం, నాలుగు సంచులు ఉంటే చాలు.

పొలం ఉన్న రోజుల్లో పిల్లికి ఏమి పెట్టాలని ఎవరూ ఆలోచించలేదు, ఆలోచించనవసరమూ లేదు. రైతు ధాన్యాన్ని పిల్లి కాపాడింది, ఎలుక పిల్లిని పోషించింది. ఆ పొలాన్ని మనం ప్లాట్లుగా మార్చుకొన్నాము. ఇప్పుడు ఎలుక తీర్చిన అవసరాన్ని తీర్చే బాధ్యత, సంచి వెనుకనున్న చిన్న అక్షరాలను చదవగల మనపై పడింది.